దూరదేశపు విపత్తు – వార్తా ఛానెళ్ళ సంబోధన : ఒక నైతిక పరిశీలన

విదేశంలో భూకంపమో, సునామీయో, జలప్రళయమో సంభవించినప్పుడు వార్తా ఛానెళ్ళను పోల్చి చూసేవారు సాధారణంగా మూడు కొలమానాలు వాడుతారు. ఎవరు ముందు చెప్పారు, ఎవరు నిజం చెప్పారు, ఎవరు నిగ్రహం పాటించారు అన్నవి ఆ మూడు. ఇవి అవసరమైనవే. కాని ఈ మూడింటిలోనూ ఉత్తీర్ణమైన ప్రసారం సైతం నైతికంగా వెలితిగా తోచే సందర్భాలున్నాయి. గొంతు చించుకుని అరిచినా చేయవలసిన పని చేసిన ప్రసారాలూ ఉన్నాయి. ఈ వైరుధ్యానికి కారణం వెదకడం ఈ వ్యాసం ఉద్దేశం. విపత్తు వార్తలోని నైతికతను నిర్ణయించడంలో దృశ్యం కన్నా సంబోధనకే ఎక్కువ పాత్ర ఉన్నదని నా ప్రతిపాదన. ఛానెల్ ఎవరితో మాట్లాడుతున్నది, వినేవానిని ఏ స్థానంలో కూర్చోబెడుతున్నది అన్నదాన్ని బట్టి ఒకే దృశ్యం సాక్ష్యమూ కాగలదు, కాలక్షేపమూ కాగలదు.

పరుల బాధను దూరం నుంచి చూడటం గురించి లూక్ బోల్టాన్‌స్కీ, సూసన్ సాంటాగ్, లిలీ చులియారకీ వంటివారు విస్తృతంగా రాశారు. ప్రేక్షకుడు, బాధితుడు అన్న జంట వారి చర్చకు కేంద్రం. ఈ జంటకు మన సాహిత్యంలో చాలా పాత రూపం ఒకటి ఉంది. దాన్ని ఉపమానంగా వాడినంతగా మనం పరిశీలించలేదు.

సంజయుని వార్త

ప్రత్యక్ష ప్రసారం మాట వచ్చినప్పుడల్లా తెలుగులో సంజయుని పేరు చెప్పడం పరిపాటి. రాజు పక్కన సుఖాసీనుడై, కదలకుండా కురుక్షేత్రాన్ని వర్ణించేవాడుగా ఆయనను ఊహించుకుంటాం. వ్యాసభారతం చెప్పేది కొంత వేరు. భీష్మపర్వంలో సంజయుడు యుద్ధభూమి నుంచి హడావుడిగా వచ్చి మొదట చెప్పేది భీష్ముడు పడిపోయాడన్న వార్త. అప్పటికే పది రోజుల యుద్ధం గడిచిపోయింది. గీతతో సహా ఆ పది రోజుల కథంతా ధృతరాష్ట్రుడు అడిగిన తరువాత మొదటి నుంచి చెప్పినదే. నేటి మాటలో చెప్పాలంటే ‘బ్రేకింగ్’ ఒక్క వాక్యం, తక్కిన పర్వమంతా ఆ వాక్యానికి వివరణ. సంజయుడు అపాయానికి అతీతుడూ కాడు. శల్యపర్వంలో సాత్యకికి చిక్కి, వ్యాసుడు అడ్డుపడటంతో ప్రాణాలతో బయటపడతాడు.

ఈ వ్యాసానికి ఇంతకన్నా ముఖ్యమైన అంశం మరొకటుంది. ధృతరాష్ట్రుడు విలపించినప్పుడల్లా సంజయుడు ఆయనను ఓదార్చడు. ఇది నీ తప్పిదం తెచ్చినదేనని, ఇప్పుడు దుఃఖించి ప్రయోజనం లేదని, స్థిరంగా ఉండి వినమని పదేపదే చెబుతాడు. వార్త చెప్పేవాడు వినేవాని వాటాను గుర్తుచేస్తున్నాడన్న మాట. రాజు కోరుకునేది తనవారి క్షేమం, వీలైతే కొంత కన్నీరు. సంజయుడు ఇచ్చేది కార్యకారణ సంబంధం. ఆయనను వార్తాహరులకు ఆదిపురుషుడని పొగిడేవారు ఈ గుణాన్ని మాత్రం ఎత్తిచూపరు.

దీనికి ఒక ఆక్షేపణ సహజం. కురుక్షేత్రం మానవకృతం, భూకంపం ప్రకృతికృతం. టర్కీలో భూమి కంపిస్తే హైదరాబాదులో టీవీ చూసేవాని వాటా ఏమిటి? ఈ ఆక్షేపణలో సగం నిజం. భూమి కంపించడంలో ఎవరి వాటా లేదు. మనుషులు చనిపోవడంలో మాత్రం కట్టడాల నాణ్యతకు, దారిద్ర్యానికి, పాలనకు వాటా ఉంది. 2023 సెప్టెంబరులో లిబియాలోని డెర్నా నగరాన్ని ముంచెత్తినది డేనియల్ తుపాను అని అన్నారు. కాని ఆ రాత్రి నగరం మీదికి విరుచుకుపడినది, ఏళ్ళ తరబడి మరమ్మతులకు నోచుకోని రెండు ఆనకట్టలు తెగి వచ్చిన నీరు. ఇది ప్రకృతికృతమా, మానవకృతమా అన్న ప్రశ్నను తెర మీది శీర్షిక ఒక్క మాటతో తేల్చేయగలదు. ఆ మాట ఎంపిక నైతికచర్యే.

శోకం, కరుణం, కెమెరా

విపత్తు వార్తకు మన ఛానెళ్ళు ప్రధానంగా ఆశ్రయించేది శోకాన్ని. ఆర్ద్రమైన నేపథ్యసంగీతం, నెమ్మదించిన చిత్రం, పదేపదే వచ్చే ఒకే ముఖం దాని సామగ్రి. ఆలంకారికులు లౌకికమైన శోకాన్నీ కరుణరసాన్నీ వేరుచేశారు. సాధారణీకరణం చెందిన శోకమే కరుణం. రంగస్థలం మీద ఏడ్చేవాడు నిజంగా ఆపదలో లేడు కనుక సహృదయుడు లేచి వెళ్ళి సాయపడనక్కరలేదు. ఆస్వాదనకు అవకాశం అక్కడే కలుగుతున్నది. వార్తలో ఏడ్చేవాడు నిజంగానే ఆపదలో ఉన్నాడు. అతని శోకాన్ని సంగీతంతో, పునరావృతితో సాధారణీకరించినప్పుడు ప్రేక్షకునికి కావ్యం ఇచ్చే నిశ్చింత దక్కుతున్నది, కావ్యానికి ఉన్న నైతికమైన అనుమతి మాత్రం అక్కడ లేదు. కన్నీళ్ళు తెప్పించే ప్రసారాన్ని ‘మానవీయ కోణం’ అని మెచ్చుకునేటప్పుడు మనం రసాస్వాదాన్ని దయగా పొరబడుతున్నామా అని అడగవలసి ఉంది.

శోకం నుంచి శ్లోకం పుట్టిందన్న వాల్మీకి వృత్తాంతాన్ని ఈ సందర్భంలో మరొకసారి చదవాలి. క్రౌంచపక్షి కోసం కరిగిన ముని నోట వెలువడిన మొదటి మాట పక్షిని గురించిన విలాపం కాదు, బోయవానిని సంబోధించిన శాపం. ఆదికవి శోకం మొట్టమొదట వెదికినది బాధ్యుణ్ణి.

శోకం తీవ్రతే నీతికి కొలత కాదని ఆడమ్ స్మిత్ మరో దారిలో చెప్పాడు. చీనా దేశమంతా భూకంపంలో అదృశ్యమైందని విన్న ఐరోపావాసి విషాదంగా నాలుగు మాటలు పలికి తన పనిలో పడతాడు. మర్నాడు తన చిటికెన వేలు పోతుందని తెలిస్తే మాత్రం ఆ రాత్రి నిద్రపోడు. స్మిత్ ఇక్కడ ఆగిపోలేదు. ఆ వేలు దక్కించుకోవడానికి అంతమంది ప్రాణాలను బలి ఇస్తావా అంటే అదే మనిషి నివ్వెరపోతాడని, అతణ్ణి ఆపేది మెత్తని సానుభూతి కాదనీ వివేకమూ అంతరాత్మా అనీ వాదించాడు. 1972లో పీటర్ సింగర్ తూర్పు బెంగాలు శరణార్థులను దృష్టిలో ఉంచుకుని, దూరం బాధ్యతను తగ్గించదని వాదించినప్పుడూ కన్నీటిని ఆధారం చేసుకోలేదు. ప్రేక్షకుని హృదయాన్ని కరిగించడమే పనిగా పెట్టుకున్న ఛానెల్, నీతికి బలమైన ఆధారాన్ని వదిలి బలహీనమైనదాన్ని పట్టుకుంటున్నదనాలి.

అయితే శోకం బొత్తిగా నిష్ఫలమని అనలేం. 1984 అక్టోబరు 23న ఇథియోపియాలోని కోరెమ్ నుంచి మైకేల్ బర్క్, మొహమ్మద్ అమీన్ పంపిన బీబీసీ కథనం ప్రపంచాన్ని కదిలించింది. లైవ్ ఎయిడ్ సంగీతోత్సవం దాకా సాగిన సహాయోద్యమానికి అదే నాంది. ఎన్నో ప్రాణాలు దక్కాయి. కాని బైబిలు కాలపు కరువుగా వర్ణించిన ఆ కథనం నాటి అంతర్యుద్ధాన్ని, ప్రభుత్వ విధానాన్ని నేపథ్యంలోకి నెట్టింది. సాయం చేరింది, కారణం చేరలేదు. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో తూచడం నాకు సాధ్యం కాలేదు. ప్రాణం దక్కినవాని వైపు నుంచి చూస్తే ఆ తూకమే అనుచితంగా తోస్తుంది.

కంఠస్వరం

2011 మార్చి 11న జపానులో 9.0 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు ఎన్‌హెచ్‌కే హెలికాప్టరు నుంచి నతోరి పొలాల మీదికి వస్తున్న సునామీని ప్రత్యక్షంగా చూపించింది. వ్యాఖ్యాతల గొంతు ప్రశాంతంగా ఉంది. ఆ నిగ్రహం విదేశాలలో ప్రశంసలు అందుకుంది. మన దేశపు ఛానెళ్ళ అరుపులతో పోల్చి దాన్ని ఆదర్శంగా చెప్పినవారూ ఉన్నారు. ఎన్‌హెచ్‌కే మాత్రం తన నిగ్రహాన్ని తానే సందేహించింది. ఆ శాంతస్వరం ప్రమాద తీవ్రతను అందించలేదేమోనని సమీక్షించుకుని ప్రకటనల శైలినే మార్చుకుంది. 2024 జనవరి 1న నోటో ద్వీపకల్పంలో భూకంపం వచ్చినప్పుడు ఆ ఛానెల్ వ్యాఖ్యాత వెంటనే పారిపొమ్మని, వెనక్కి తిరగవద్దని గట్టిగా కేకలు వేసింది. పారిపొమ్మనడమంటే ఈ తెర ముందు నుంచి లేచి వెళ్ళమనడమే. ప్రేక్షకుణ్ణి పోగొట్టుకోవాలని ఒక ఛానెల్ మనసారా కోరుకున్న అరుదైన సందర్భమది.

ఇప్పుడు ఇదే కేకను తెలుగు స్టూడియోకు తెచ్చి చూడండి. జపాను సునామీ గురించి విజయవాడలో ఉన్నవానితో అదే స్థాయిలో అరిచినప్పుడు పారిపోవలసినవాడెవడూ లేడు. అక్కడ కేక హెచ్చరిక, ఇక్కడ అది ప్రేక్షకుణ్ణి కదలనీయకుండా కూర్చోబెట్టే సాధనం. స్వరం ఒకటే, సంబోధన తలకిందులైంది. కనుక అరుపు తప్పు, శాంతం ఒప్పు అన్న సూత్రం నిలవదు. సీఎన్ఎన్, బీబీసీ వంటి అంతర్జాతీయ ఛానెళ్ళ సమస్వరం గురించీ ఇదే జాగ్రత్త అవసరం. ఆపదలో లేనివారితో మాట్లాడేవారికి శాంతం పెద్ద త్యాగమేమీ కాదు.

మనవాళ్ళు

విదేశీ విపత్తులో తెలుగు ఛానెల్ మొదట అడిగే ప్రశ్న అక్కడి తెలుగువారి క్షేమం. విద్యావంతులు దీన్ని సంకుచితత్వమని సులభంగా కొట్టిపారేస్తారు. ఆ తీర్పుతో నేను ఏకీభవించను. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో 7.8 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు తీర్థయాత్రకు, సినిమా చిత్రీకరణకు వెళ్ళిన తెలుగువారు అక్కడ ఉన్నారు. ఫోను కలవక రాత్రంతా తెర ముందు కూర్చున్న కుటుంబానికి ఆ స్క్రోలింగ్ ఒక్కటే ఆధారం. ఆ ఇంటి విషయంలో ఛానెల్ ఎన్‌హెచ్‌కే చేసిన పని వంటిదే చేస్తున్నది. అవసరమున్నవానికి అవసరమైన మాట చెబుతున్నది.

చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. ‘మనవాళ్ళు’ అన్నది మొదటి ప్రశ్న స్థానం నుంచి ఏకైక ప్రశ్న స్థానానికి జరుగుతుంది. దాదాపు 9 వేల మంది మరణించిన ఆ విపత్తు, భారత సహాయక దళాల సామర్థ్యాన్ని చాటే వేదికగా మన జాతీయ ఛానెళ్ళలో కనిపించిందన్నది నేపాలీల ఫిర్యాదు. ఆప్తులను పోగొట్టుకున్నవారిని ఎలా అనిపిస్తున్నదని అడగడం, సాయం మోయవలసిన హెలికాప్టర్లలో విలేకరులు చోటు ఆక్రమించడం కూడా ఆ ఫిర్యాదులో చేరాయి. మే మొదటి వారంలో భారతీయ మీడియా ఇంటికి వెళ్ళిపోవాలన్న నినాదం ట్విట్టరులో మారుమోగింది. సాయం పొందుతున్నవాడే సాయం కథనాన్ని తిరస్కరించాడు. కృతఘ్నత అని మన స్టూడియోలలో కొందరు నొచ్చుకున్నా, తన శోకం మరొకరి ఘనతకు నేపథ్యంగా మారడాన్ని అతడు గుర్తించాడన్నది స్పష్టం. 2023లో టర్కీకి వెళ్ళిన ఎన్‌డీఆర్‌ఎఫ్ బృందం గురించి, ముఖ్యంగా రోమియో, జూలీ అనే శునకాల గురించి మన ఛానెళ్ళు చూపిన ఉత్సాహంలోనూ ఈ జాడ ఉంది. ఆ శునకాలు ఒక చిన్నారి ప్రాణం దక్కడానికి తోడ్పడ్డాయి, అది చెప్పవలసిన వార్తే. దాని పక్కన ఎంత స్థలం మిగిలిందన్నదే ప్రశ్న.

2010 జనవరి 12 నాటి హైతీ భూకంపంలో సీఎన్ఎన్ విలేకరి, శస్త్రవైద్యుడు సంజయ్ గుప్తా, భద్రతా కారణాలతో ఇతర వైద్యులు తరలిపోయిన తాత్కాలిక ఆసుపత్రిలో రాత్రంతా క్షతగాత్రులతో ఉండిపోయాడు. విలేకరే కథానాయకుడయ్యాడని విమర్శ వచ్చింది. విమర్శ కెమెరాకు వర్తిస్తుంది. ఉండిపోవడానికి వర్తించదు.

చేరని చోటు

పోలికలో కనిపించే ప్రసారాలను మాత్రమే లెక్కించడం పద్ధతిపరంగా పెద్ద లోపం. 2023 ఫిబ్రవరి 6 నాటి భూకంపం సరిహద్దుకు రెండు వైపులా ఇళ్ళను కూల్చింది. టర్కీ వైపు ప్రపంచ ఛానెళ్ళ కెమెరాలు బారులు తీరాయి. తిరుగుబాటుదారుల అధీనంలోని వాయవ్య సిరియాలోకి ఐక్యరాజ్యసమితి సాయానికి అనుమతి ఉన్న దారి ఒక్కటే. తొలి వాహనశ్రేణి ఫిబ్రవరి 9న గాని చేరలేదు. అక్కడి ప్రజల పట్ల తాము విఫలమయ్యామని ఆ సంస్థ సహాయ విభాగాధిపతే ఒప్పుకున్నాడు. ఆ రోజులలో అక్కడి నుంచి ప్రపంచానికి అందిన దృశ్యాలలో ఎక్కువ భాగం స్థానికులు, వైట్ హెల్మెట్స్ కార్యకర్తలు తీసినవి. శిథిలాల కింద పుట్టి, తల్లి బొడ్డుతాడుతోనే బయటపడిన శిశువు దృశ్యం అలాంటిదే. అన్ని ఛానెళ్ళూ ఆ శిశువును చూపాయి. ఆ చోటికి సాయం ఎందుకు చేరలేదో వివరించినవి తక్కువ.

స్త్రీపర్వంలో గాంధారి చూపు ఇక్కడ గుర్తుకు వస్తున్నది. దూరదృష్టి లభించిన రెండవ వ్యక్తి ఆమె. ఆమె చూపు తన కొడుకుల దగ్గర మొదలవుతుంది. మాతృమూర్తికి మరోలా సాధ్యం కాదు. కాని అక్కడ ఆగదు. అభిమన్యుని దేహం మీద వాలిన ఉత్తర దాకా, ద్రుపద విరాటుల దాకా సాగుతుంది. శత్రుపక్షపు వితంతువును ఆమె తన కోడళ్ళతో సమానంగా చూస్తుంది. అంతా చూసిన తరువాత ఆమె కృష్ణుని వైపు తిరిగి, ఆపగల శక్తి ఉండీ ఎందుకు ఉపేక్షించావని నిలదీస్తుంది. మనవారితో మొదలై పరుల దాకా వ్యాపించి, చివరికి సమర్థుణ్ణి ప్రశ్నించే ఈ క్రమం ఒక విపత్తు కథనానికి ఉండదగిన క్రమమని నాకు అనిపిస్తున్నది. మన ఛానెళ్ళు మొదటి మెట్టు దగ్గర ఆగుతున్నాయి. అంతర్జాతీయ ఛానెళ్ళు రెండవ మెట్టును నేర్పుగా ఎక్కుతున్నాయి.

మూడవ మెట్టు ఎక్కినవారికి మూల్యం తప్పలేదు. భూకంప సహాయక చర్యలలో ప్రభుత్వ వైఫల్యాన్ని విమర్శించిన ప్రసారాలకు గాను టర్కీ ప్రసార నియంత్రణ మండలి 2023 ఫిబ్రవరిలోనే హల్క్ టీవీ, టెలే1, ఫాక్స్ ఛానెళ్ళకు జరిమానాలు విధించింది. అప్పటికి శిథిలాల తొలగింపు ఇంకా పూర్తి కాలేదు.