ఇంటి చదువుకు పుస్తకాల కూర్పు: ఒక సంవాదం

చిన్నపిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకోవాలనుకునే వాళ్లను మొదట తికమక పెట్టేది పుస్తకాల రద్దీ. ఎన్‌సీఈఆర్‌టీ 2023లో ఒకటి, రెండు తరగతులకు తెచ్చిన ‘మృదంగ్’, ‘జాయ్‌ఫుల్ మ్యాథమెటిక్స్’ ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వ వాచకాలున్నాయి. మాంటిస్సోరీ సామగ్రి, సింగపూర్ పద్ధతి లెక్కల పుస్తకాలు, జాలీ ఫోనిక్స్, ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో ఉచితంగా దొరికే తెలుగు కథలు, సికింద్రాబాద్ ‘మంచి పుస్తకం’ ప్రచురణలు, ఇవన్నీ చాలవన్నట్టు అటక మీద పెద్ద బాలశిక్ష. వీటిలో ఒక్కటి కూడా పనికిరానిదని తోసెయ్యలేం. ఎంచుకోవడం కష్టమయ్యేది అందుకే.

ఈ చిక్కును ఇద్దరి మాటల్లో పెడితే విప్పడం సులువు. ఒకరు హైదరాబాద్‌లో ఆరేళ్ల కూతురికి ఇంట్లోనే చదువు చెబుతున్న తల్లి. రెండోవారు ఆమెకు బాబాయి వరస, ప్రాథమిక పాఠశాలలో పనిచేసి రిటైరైన మాస్టారు. ఇద్దరూ కల్పిత వ్యక్తులే. వాదనలు మాత్రం ఇలాంటి ఇళ్లలో వినబడేవే.

తల్లి వాదన సూటిగా ఉంటుంది. “ఒకే సిలబస్ పట్టుకుని ఎందుకు వేలాడాలి బాబాయ్? లెక్కలు ఒకరు బాగా చెబుతారు, కథలు ఇంకొకరు. ఎవరి దగ్గర ఏది బాగుంటే అది తెచ్చుకుంటాను. ఇంట్లో చెప్పుకోవడంలో ఉన్న సుఖమే అది కదా.”

“బాగుందని ఎలా తేలుస్తావమ్మా?”

“పాప ఇష్టంగా చేస్తోందా, అర్థమవుతోందా అని చూస్తాను.”

“అది పుస్తకం తెరిచాక సంగతి. కొనేముందు ఏం చూస్తావు?”

బాబాయి అడుగుతున్నది ధర గురించో అచ్చు గురించో కాదు. ప్రతి పద్ధతి వెనుకా పిల్లల గురించి ఒక నమ్మకం ఉంటుంది. మరియా మాంటిస్సోరీ 1907లో రోమ్‌లో తొలి బాలల గృహం తెరిచారు. 1939లో దివ్యజ్ఞాన సమాజం పిలుపు మీద మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం కారణంగా 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు. ఆమె పద్ధతిలో పిల్లలు నాలుగేళ్ల ప్రాయంలోనే గరుకు కాగితపు అక్షరాల మీద వేలు పెట్టి దిద్దుతారు. రాయడం ముందు, చదవడం తరవాత. అద్భుత కథల కంటే చేతికందే నిజమైన వస్తువులకే ఆ వయసులో పెద్దపీట. 1919లో స్టుట్‌గార్ట్‌లో మొదలైన రుడాల్ఫ్ స్టైనర్ బడుల తీరు దీనికి ఎదురు. పాలపళ్లు ఊడే వయసు, అంటే దాదాపు ఏడేళ్లు వచ్చేదాకా అక్షరాలు నేర్పరు. ఆ తరవాత మొదటి తరగతి నిండా జానపద కథలే. ఇంగ్లండ్‌కు చెందిన షార్లెట్ మేసన్ ఆరేళ్లలోపు పాఠాలే వద్దని, పిల్లల్ని ఆరుబయట తిరగనివ్వమని అంది. ఆ తరవాత కూడా పదిహేను, ఇరవై నిమిషాలకు మించని పాఠం, ఒక చక్కటి పుస్తకం ఒక్కసారి చదివి వినిపించడం, విన్నది పిల్లచేత సొంత మాటల్లో చెప్పించడం ఆమె దారి.

“పొద్దున ఒకావిడ నాలుగేళ్లకే అక్షరాలకు వేళయిందంటుంది. సాయంత్రం ఒకాయన ఏడేళ్లదాకా ముట్టుకోవద్దంటాడు. ఇద్దరి మాటా ఒకే పిల్ల దగ్గర ఎలా చెల్లుతుంది?” అని బాబాయి అడుగుతాడు.

తల్లి జవాబు కొట్టిపారేయదగ్గది కాదు. “నేను వాళ్ల నమ్మకాలు కొనడం లేదు బాబాయ్, వస్తువులు కొంటున్నాను. గరుకు అక్షరం ఎవరింట్లో ఉన్నా గరుకు అక్షరమే.”

ఇందులో సగం నిజముంది. వస్తువును పద్ధతి నుంచి విడదీసి తెచ్చుకోవచ్చు, ఏ పని కోసం చేశారో ఆ పనికే వాడితే. గరుకు అక్షరం ఉన్నది వేలికి అలవాటు చెయ్యడానికి. దాన్ని దూరం నుంచి చూపించి “ఇదేంటి చెప్పు” అని అడిగితే అది ఖరీదైన అట్టముక్క మాత్రమే. చాలా ఇళ్లలో తెచ్చిన సామగ్రికి జరిగేది ఇదే. అలాగే స్టైనర్ కథలను తెచ్చుకుని మేసన్ చెప్పినట్టు తిరిగి చెప్పించడంలో చిక్కేమీ రాదు. అక్షరాలు ఎప్పుడు మొదలుపెట్టాలన్న చోట మాత్రం అందరి మాటా వినడం కుదరదు, ఎవరో ఒకరిని కాదనాల్సిందే.

సంభాషణ అక్షరాల మీదికి వచ్చేసరికి బాబాయి గట్టిగా పట్టుబడతాడు. ఆయన దృష్టిలో చదువులో రెండు రకాలున్నాయి. కొన్నిటికి వరుస ఉంటుంది, ముందుది రాకపోతే వెనకది రాదు. చదవడం నేర్చుకునే తొలి దశ, లెక్కలు ఈ రకం. మిగతావాటికి అంత వరుస లేదు. పాట, కథ, బొమ్మ, చెట్లూ పిట్టల కబుర్లు, వంటింటి పనులు ఎక్కడ మొదలుపెట్టినా నష్టం లేదు. వరుస లేని చోట పది పుస్తకాలు కలుపుకోవచ్చు, వరుస ఉన్న చోట ఒక్కటే నడవాలి అన్నది ఆయన పక్షం.

తెలుగు అక్షరాలే ఇందుకు మంచి ఉదాహరణ. బాలశిక్ష దారిలో అ, ఆ, ఇ, ఈ అంటూ వర్ణమాల మొత్తం నడిచి, ఆ తరవాత గుణింతాలు, ఆపైన ఒత్తులు. పదం నుంచి అక్షరానికి వెళ్లే వాచకాలది ఇంకో దారి. త, ల, వ, ర, గ, డ అనే ఆరు అక్షరాలు తీసుకుంటే చాలు, పిల్ల తల, వల, వడ, గడ, రవ, ఆఖరికి తలగడ కూడా చదివేస్తుంది. దీర్ఘం తగిలిస్తే తాత, వాడ వస్తాయి. గుడి పెడితే గాలి. ఈ దారిలో ఋ, ఙ, ఞ లాంటివి చాలా ఆలస్యంగా వస్తాయి, ఆ ఆలస్యం వల్ల ఎవరికీ ఏ లోటూ రాదు. రెండు దారులూ ఊరు చేరేవే. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి నడిపించిన ఇంట్లో మాత్రం పిల్ల యాభై ఆరు అక్షరాలూ పాటలా అప్పజెబుతూ, ‘వల’ దగ్గర ఆగిపోయి అమ్మ ముఖం చూస్తుంది.

“సరే, వరుస ఉందనుకుందాం. పాప తనంతట తాను మొదట రాయాలనుకున్న మాట ‘అమ్మ’. తరవాత ‘నాన్న’. రెండింటిలోనూ ద్విత్వాలే. మీ వరుసలో అవి ఏడాది చివర్లో కదా వచ్చేది! వద్దని ఆపాలా?”

బాబాయి ఇక్కడ కాస్త తగ్గుతాడు. ఆపక్కర్లేదు. న్యూజిలాండ్‌లో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్-వార్నర్ ఏకంగా దీన్నే పద్ధతిగా చేసుకుంది. ఏ పిల్లకు ఏ మాట కావాలో అడిగి, ఆ మాటనే అట్ట మీద రాసిచ్చేది. ‘టీచర్’ అనే 1963 నాటి పుస్తకంలో ఆ అనుభవం ఉంది. పిల్ల అడిగిన మాటను మొత్తంగా రాసివ్వచ్చు, గోడకు అంటించవచ్చు. దాని వంకతో మర్నాడు ఒత్తుల పాఠం మొదలుపెట్టకపోతే చాలునంటాడు బాబాయి. ఆయన వరుస పాఠానికే, పిల్ల కోరికకు కాదు. ఈ తేడా ఆయన ముందే చెప్పి ఉంటే వాదన సగం తగ్గేది.

లెక్కల్లో పరిస్థితి ఇంకా తేటగా కనబడుతుంది. 52 లోంచి 27 తీసేయాలి. ఒక పుస్తకం చీపురు పుల్లల కట్టలు కట్టమంటుంది. అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు. రెండింట్లోంచి ఏడు తియ్యలేం కాబట్టి ఒక కట్ట విప్పితే విడి పుల్లలు పన్నెండవుతాయి. ఏడు తీస్తే అయిదు, మిగిలిన నాలుగు కట్టల్లో రెండు తీస్తే రెండు. మొత్తం 25. రెండో పుస్తకం సంఖ్యారేఖ మీద 27 దగ్గర నిలబెట్టి, మూడు గెంతితే 30, ఇరవై గెంతితే 50, ఇంకో రెండుకు 52, కలిపితే 25 అంటుంది. అబాకస్ క్లాసులో ముందు ఇరవై తీసి, 32 దగ్గర ఏడు తీయడానికి “పది తీసి మూడు కలుపు” అంటారు. మూడింటి జవాబూ ఒకటే. పెద్దవాళ్లకు మూడూ ఒకే లెక్కగా కనబడతాయి. అప్పుడే తీసివేత మొదలుపెట్టిన పిల్లకు అవి మూడు వేరు వేరు పనులు, అందులోనూ మూడోది కారణం తెలియని ఒక సూత్రం.

“మూడు దారులు తెలిస్తే మంచిదేగా బాబాయ్?”

“తెలిస్తే మంచిదే. పుల్లలతో చేతికి బాగా వచ్చాక రేఖ చూపించు. ‘అరె, రెండూ ఒకటే’ అని పిల్లే కనిపెడుతుంది. మూడూ ఒకే నెలలో పెట్టావంటే ఆ కనిపెట్టే అవకాశం పోతుంది.”

సింగపూర్ పుస్తకాల్లో ముందు వస్తువు, తరవాత బొమ్మ, చివర అంకె అనే నడక ఉంటుంది. అమెరికా మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ ఆలోచనల్లో దీని మూలాలున్నాయి. పుస్తకం సింగపూర్‌దే కొనాలన్న నియమం లేదు. పుల్లలు, చింతపిక్కలు, పక్కన కాగితం, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ఉన్నా ఆ నడక నడిపించవచ్చు. వస్తువుల దశ దాటించి నేరుగా వర్క్‌షీటు చేతికిస్తే ఖరీదైన పుస్తకం తెచ్చీ ఫలితముండదు.

ఈ వరుస ఎవరిది అన్నది తల్లి తరవాతి ప్రశ్న. పుస్తకం రాసినవాళ్లదా, పిల్లదా? జాన్ డ్యూయీ 1902లో ‘ద చైల్డ్ అండ్ ద కరికులం’లో తేల్చబోయింది దీన్నే. పాఠ్యవిషయానికి పెద్దలు అమర్చిన తార్కిక క్రమం ఒకటుంటుంది, పిల్ల అనుభవానికి తనదైన క్రమం ఇంకొకటుంటుంది. ఆ రెండింటినీ శత్రువులుగా చూడడమే పొరపాటని, అవి ఒకే మార్గానికి రెండు కొసలని ఆయన అన్నాడు. సిద్ధంగా ఉన్న పటాన్ని, కొత్త చోటును అన్వేషిస్తూ వెళ్లినవాడి నడకను పోల్చి చూపాడు. పటం చేతికివ్వడంతో ప్రయాణం అయిపోదు, పటం ఉంటే నడక దండగా కాదు. ఇంటి చదువులో ఈ మాటకు ఆచరణలో అర్థం ఒకటే. వరుస పుస్తకానిది, వేగం పిల్లది. ఒక పేజీ దగ్గర మూడు వారాలు ఆగినా, పది పేజీలు ఒక్క పూటలో దాటినా పుస్తకానికి అవమానమేమీ లేదు.

తల్లి ఇక్కడ మంచి పాయింటే పట్టుకుంటుంది. “అసలు బడి పుస్తకం రాసింది ముప్పై మంది పిల్లలకు, ఒక టీచరుకు. అందులో సగం అభ్యాసాలు అందర్నీ ఒకేసారి కుదురుగా కూర్చోబెట్టడానికి పెట్టినవే. ఒక్క పిల్లకు అవన్నీ ఎందుకు?” బాబాయి కాదనలేడు. ఖాళీలు పూరించండి, జతపరచండి లాంటివి చాలావరకు టీచరు అందరినీ పరీక్షించలేక పెట్టుకున్న ఏర్పాట్లే. పక్కనే కూర్చున్న అమ్మకు నోటితో అడిగితే తెలిసిపోతుంది. ఒకే ప్రధాన పుస్తకం పెట్టుకోవడమంటే అందులోని ప్రతి పేజీ నింపించడం కాదు. వేరే పుస్తకాలు కలపకముందే ఉన్న పుస్తకంలోంచి తీసెయ్యడం నేర్చుకోవాలి. ఇది చాలామందికి చేతకాదు. కొన్న వర్క్‌బుక్ ఖాళీగా మిగిలితే డబ్బు వృథా అయినట్టు అనిపిస్తుంది మరి.

వాళ్లు దాదాపు ఏకీభవించేది ఇంగ్లిష్ విషయంలో. జాలీ ఫోనిక్స్ 42 ధ్వనులను ఒక వరుసలో నేర్పుతుంది. తెలుగు ఇంట్లో పెరిగే పిల్ల అదే నెలలో గుణింతాలు కూడా పడుతుంటే, రెండు లిపుల బరువూ ఒక్కసారే మీద పడుతుంది. తెలుగు చదవడం కుదురుకునేదాకా ఇంగ్లిష్‌ను పాటలు, బొమ్మల పుస్తకాలు, మాటల వరకే ఉంచి, ఆ తరవాత ఫోనిక్స్ మొదలుపెట్టడం బాబాయి సలహా. అపార్ట్‌మెంటులో తోటి పిల్లలు ఇంగ్లిష్ చదివేస్తుంటే అంత ఓపిక పట్టడం కష్టమంటుంది తల్లి. కష్టమే.

ఎక్కడున్నామో తెలుసుకోవడానికి కొలత కావాలి. 2021లో మొదలైన నిపుణ్ భారత్ లక్ష్యాలు ఈ పనికి వస్తాయి. ఒకటో తరగతి ముగిసేసరికి 99 దాకా, రెండోదానికి 999 దాకా, మూడోదానికి 9999 దాకా సంఖ్యలు చదవడం, రాయడం రావాలని అవి చెబుతాయి. మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసుకు 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రంలో శరీరం, మనసు, భాష, కళ అన్నిటికీ లక్ష్యాలున్నాయి. పుస్తకాల మధ్య ఖాళీ ఎక్కడ మిగిలిందో చూసుకోవడానికి దాన్ని ఏడాదికోసారి తిరగేస్తే సరిపోతుంది. రోజూ చూసుకుంటే భయం తప్ప ఇంకేమీ పుట్టదు.

చట్టం సంగతి కూడా ఎంపికను కొంత నడిపిస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. ఇంటి చదువు గురించి విడిగా ఏమీ చెప్పదు. బడి మానేసిన, అసలు చేరని పిల్లను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలని కూడా అదే చట్టం చెబుతుంది. జాతీయ సార్వత్రిక పాఠశాల విద్యా సంస్థ నడిపే ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్‌లో ‘ఏ’ స్థాయి మూడో తరగతికి సమానం. ఎప్పుడైనా బడికి పంపే ఆలోచన ఉన్నవాళ్లు లెక్కల వరుసను మాత్రం ఇక్కడి వాచకాలకు దగ్గరగా ఉంచుకోవడం మంచిది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు చట్టం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్‌లో ముందుగా తెలియజేయాల్సిన పని కూడా లేదు. న్యూయార్క్‌లో ఏడాది ప్రణాళిక, మూడు నెలలకో నివేదిక ఇవ్వాలి కాబట్టి అక్కడ కూర్పును కాగితం మీద సమర్థించుకోగలగాలి.

పుస్తకం కుదరలేదని ఎప్పుడు తేల్చాలి? తల్లి అలవాటు వారానికే మార్చెయ్యడం, బాబాయి అలవాటు ఏడాది లాగడం. రెండూ తప్పేనని ఇద్దరికీ తెలుసు. పిల్ల మొరాయిస్తే మొదట వేళ మార్చి చూడాలి, తరవాత పాఠం నిడివి తగ్గించి చూడాలి, పుస్తకం వంతు ఆ తరవాతే. మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు.

చివరగా, ఎంపికలో పిల్లకు వాటా ఉందా అన్న దానిపై ఇద్దరూ కలవలేదు. కథల పుస్తకాలు పూర్తిగా పిల్ల ఇష్టమే అన్నాడు బాబాయి. ఒకే పుస్తకం నలభై సార్లు చదివించుకున్నా సరేనన్నాడు. లెక్కల వరుస మాత్రం పెద్దల పని. తల్లి ఇంకొంచెం ముందుకెళ్లింది. “ఏ లెక్క పుల్లలతో చెయ్యాలి, ఏది బొమ్మ గీసి చెయ్యాలి, ఈరోజు ఎంతసేపు అన్నది పాపనే తేల్చనిస్తాను బాబాయ్. తప్పు తేలిస్తే రేపు తనే మార్చుకుంటుంది.” ఎనిమిదేళ్లు దాటి మూడో తరగతికి వచ్చాక పరిసరాల పాఠం కలుస్తుంది. ఢిల్లీలో అచ్చైన పుస్తకానికి ఇంటి వెనక చెరువు సంగతి తెలియదు కాబట్టి కూర్పు పని అప్పుడు మళ్లీ మొదలవుతుంది. అప్పటికి పాపను కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడుకుందామన్నదానికి బాబాయి ఒప్పుకున్నాడు, లెక్కల పుస్తకం మాట ఎత్తకూడదన్న షరతు మీద.