చూడనిదానికి మార్కు వేయరాదు



తీర్పు తీర్చుటను గూర్చి మత్తయి సువార్త ఏడవ అధ్యాయములో ప్రభువు పలికిన మాటలను మనమెన్నిమారులు వినలేదు! అయినను విని లేచి, గుడి మెట్లు దిగకమునుపే తీర్పులు మొదలుపెట్టుదుము. ఈ నెల ఆ సంగతిని ఒక ఆటలోనుండి చూతము. ఆటయని చిన్నచూపు చూడకుడి. పౌలు గారు సహితము కొరింథీయులకు వ్రాయుచు పరుగుపందెమును ఎత్తుకొనిరి.

1960వ సంవత్సరమున స్విట్జర్లాండు దేశమందు డ్యూబెండార్ఫ్ అను చోట, రేడియోతో నడుపు చిన్న విమానముల విన్యాసములకు మొదటి ప్రపంచ పోటీ జరిగెను. వీటిలో మనుష్యుడు కూర్చుండడు. నేలమీద నిలిచి, చేతిలోని పెట్టెతో నడుపును. ఆ విమానము నిలువునా గుండ్రముగా తిరుగును, ప్రక్కకు పొర్లును, తలక్రిందుగా పోవును. ఆ యేడు అమెరికా దేశస్థుడైన ఎడ్ కజ్మిర్‌స్కీ గెలిచెను.

పరుగుపందెములో ముందు వచ్చినవాడెవడో చిన్నపిల్లలకైనను తెలియును. ఇక్కడ అట్లు కాదు. గెలుపంతయు కూర్చుండి చూచు జడ్జీల కన్నులమీద నున్నది. అందుచేతనే కాబోలు, ఈ పోటీలకు నేడు అమలులోనున్న నియమములు విమానము నడుపువానికంటె జడ్జీకే గట్టి కళ్లెము వేసినట్లు మాకు తోచుచున్నది.

ప్రతి విన్యాసమునకు పది మార్కులు. జడ్జీ సున్న నుండి పైకి ఎక్కడు, పది నుండి క్రిందికి దిగును. అనగా మొదట పూర్తి మార్కులు ఇచ్చి, తప్పు కంటబడినప్పుడే తగ్గించును. కోణము సుమారు 15 డిగ్రీలు తప్పినచో ఒక మార్కు పోవును. కష్టమైన విన్యాసమునకు వచ్చిన మార్కును పెద్ద అంకెతో హెచ్చవేయుదురు. జడ్జీలు పలువురుందురు గాని ఎవరి మార్కు వారే వేయవలెను. నడుపువాడు ఏ దేశస్థుడని చూడరాదు.

గాలిని గూర్చిన నియమము మాకు మిక్కిలి నచ్చినది. ప్రక్కగాలి వీచునప్పుడు విమానము తిన్నగా పోవలెనన్న, దాని ముక్కును కొంచెము గాలివైపునకు త్రిప్పి పట్టవలెను. ఏరు దాటించు పడవవాడు చేయునది ఇదే గదా. తెలియనివాడు చూచి, వంకరగా పోవుచున్నదనును. జడ్జీ మాత్రము ముక్కు ఎటున్నదని కాదు, పోయిన దారి తిన్నగా నున్నదా అని చూడవలెను. దారియే వంకరైనచో గాలిని సాకు చెప్పి తప్పించుకొనుటకు వీలులేదు.

ఇక విన్యాసమును మొదటినుండి తుదివరకు చూడలేకపోయిన జడ్జీ ఏమి చేయవలెను? ఊహించి వేయరాదు. ప్రక్కవానిని అడిగి వేయరాదు. 'చూడలేదు' అని వ్రాయవలెను. అప్పుడు మిగిలిన జడ్జీలు వేసిన మార్కుల సగటును అతని లెక్కలో చేర్చుదురు. అది అతనికి అవమానము కాదు, నియమమే.

ఇది చదివిన దినమున మాకు నిద్ర పట్టలేదు. కొన్ని సంవత్సరముల క్రిందట మేమును సంఘ పెద్దలును కూడి ఒక సహోదరుని ప్రభువు బల్లనుండి ఆపివేసితిమి. అతడు ఆదివారము గుడికి రాడనియు, కల్లు దుకాణపు సందులో తిరుగుచున్నాడనియు ఒకరు చెప్పిరి. కూర్చున్న అయిదుగురిలో చూచినవారు ఒక్కరును లేరు. అయినను అయిదుగురము సున్నయే వేసితిమి. మూడు నెలలకు తెలిసినది: ఆ సందులో, ఆ దుకాణము వెనుక, పక్షవాతముతో పడియున్న అతని బావమరిదికి ఇతడే ప్రతి దినమును స్నానము చేయించి జావ పోయుచుండెను.

మేము అతని యింటికి వెళ్లితిమి. చాప వేసి కూర్చుండబెట్టెను. చేసిన తప్పు ఒప్పుకొని, తిరిగి బల్లకు రమ్మని అడిగితిమి. అతడు కొంతసేపు నేల చూచి, "ఆయనకు జావ పోసి వస్తానండి అయ్యగారూ, కొంచెం ఆలస్యమవుతుంది" అనెను.