జంబుఖానా అన్న

ఒక ఊళ్లో ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ప్రతి శనివారం సాయంత్రం చర్చి వెనక పాత హాల్లో ప్రార్థనకు కూడేవారు. ఫైనలియర్ అన్న ఒకడు అందరికంటే గంట ముందే వచ్చి తాళం తీసేవాడు. ఊడ్చేది అతనే, జంబుఖానాలు పరిచేది అతనే, పాటల పుస్తకాలు సర్దేది, డోలక్ బిగించేది, చివర్లో టీ పోసేది అన్నీ అతనే. జూనియర్లు ముద్దుగా 'జంబుఖానా అన్న' అనేవారు.

ఎవరైనా చీపురు అందుకోబోతే, "నువ్వెళ్లి పాడుకో తమ్ముడూ, ఇది నేను చూసుకుంటా" అని లాక్కునేవాడు. ఓసారి ఫస్టియర్ కుర్రాడొకడు ముందే వచ్చి జంబుఖానా పరిచేశాడు. అంచు గోడకు సమంగా లేదని అన్న దాన్ని చుట్టి, మళ్లీ పరిచాడు. మాటేమీ అనలేదు. ఆ కుర్రాడు మాత్రం మళ్లీ ముందుగా రాలేదు. లోపల ఆరాధన జరుగుతుంటే అన్న గుమ్మంలో చెప్పులు వరస పెడుతుండేవాడు.

వానాకాలంలో అతనికి కామెర్లు వచ్చాయి. ఆ శనివారం హాలు తాళంచెవి హాస్టల్ గదిలో అతని తలగడ కిందే ఉండిపోయింది. పిల్లలు మెట్ల మీద కూర్చుని డోలక్ లేకుండానే పాడుకున్నారు. తర్వాత నలుగురు కలిసి క్యారియర్లో గంజి పట్టుకుని అతని దగ్గరికి వెళ్లారు. మూలన బకెట్‌లో మాసిన బట్టలు చూసి ఫస్టియర్ కుర్రాడు చెయ్యి వేశాడు.

"ఒరేయ్ వద్దు! నా బట్టలు నువ్వు ఉతకడమేంట్రా?" అంటూ అన్న లేవబోయి, కళ్లు తిరిగి మంచం మీద కూలబడ్డాడు.

వాళ్ల వెంట వచ్చిన లెక్చరర్ గారు, ఒకప్పుడు ఇదే కూడికలో పెరిగిన మనిషి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "నువ్వు చేస్తే ప్రేమ, వాళ్లు చేస్తే నీకు అవమానమా బాబూ?"

అన్న చాలాసేపు గోడవైపే చూశాడు. తర్వాత తలగడ కింద నుంచి తాళంచెవి తీసి కుర్రాడి చేతిలో పెట్టి, "సబ్బు కిటికీలో ఉంది" అన్నాడు.

నీతి: సేవ చేయించుకోవడం రానివాడి సేవలో పెత్తనం దాగి ఉంటుంది.

యోహాను సువార్త పదమూడో అధ్యాయంలో పేతురు చిక్కు ఇదే. యేసు అతని పాదాలు కడగడానికి వంగితే, ససేమిరా అన్నాడు. కడిగించుకోకపోతే నాతో నీకు పాలు లేదని గట్టిగా చెప్పాకే లొంగాడు. ఆ తర్వాత ప్రభువు ఆజ్ఞ, ఒకరి పాదాలు ఒకరు కడగమని. మన ప్రసంగాల్లో కడగడం గురించి గంటలకొద్దీ వింటాం, కాళ్లు చాపడం గురించి విన్నది తక్కువ.

విద్యార్థుల సేవలో ఇది మరీ ముఖ్యం. 1954లో మొదలైన యు.ఇ.ఎస్.ఐ. వంటి క్రైస్తవ విద్యార్థి ఉద్యమాల్లో క్యాంపస్ పనికి విద్యార్థులే పూనుకుంటారు. కానీ ఇంజనీరింగ్ పిల్లవాడు నాలుగేళ్లకు వెళ్లిపోతాడు. అన్నీ తానై చేసినవాడు వెళ్తే మిగిలేది తాళం వేసిన హాలే. అదేదో ఫేర్‌వెల్ రోజు దాకా ఆగకుండా దీపావళికే తాళంచెవి జూనియర్లకు అప్పగించడం మేలు. మొదట్లో టీలో పంచదార ఎక్కువవుతుంది, డోలక్ తాళం తప్పుతుంది. సీనియర్లు జంబుఖానా మీద కూర్చుని ఆ టీయే తాగాలి, ఆ తాళానికే పాడాలి.