గొడ్డలి ఒకరిది, పాపం ఎందరిది?

అడవిలో చెట్టుకు యజమాని ఎవరు? నాటినవాడు కనబడడు, కాపలావాడు దూరంగా ఉంటాడు. కనుక నరికినవాడిదే అనుకునే బుద్ధి మనిషిలో పాతుకుపోయింది. ఎర్రచందనం దొంగరవాణా ఈ బుద్ధి ఫలితమే.

శేషాచలం, వెలిగొండ, లంకమల, పాలకొండల అడవులు ఈ చెట్టుకు పుట్టినిల్లు. చేవ కట్టడానికి దశాబ్దాలు పడుతుంది, నేలకూల్చడానికి కాసేపు చాలు. సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం 1995 నుంచి దీని వ్యాపారంపై ఆంక్షలు పెట్టింది. అయినా చైనాలో ఖరీదైన ఫర్నిచర్‌కూ, జపాన్‌లో సంగీత వాయిద్యాలకూ గిరాకీ ఉంది. గిరాకీ ఉన్నచోట దళారీ పుడతాడు.

దళారీ అడవిలోకి రాడు. తమిళనాడులోని జవ్వాదు కొండల వంటి పేద ప్రాంతాల నుంచి కూలీలను పంపుతాడు. వారు నరికి, దుంగలను భుజాన మోసి రోడ్డుకు చేరుస్తారు. ఆపైన వాహనం, గోదాము, ఓడరేవు. చేయి మారినకొద్దీ ధర పెరుగుతుంది, ప్రాణభయం తగ్గుతుంది. 2013 డిసెంబరులో స్మగ్లింగును అడ్డుకోబోయిన ఇద్దరు అటవీ ఉద్యోగులు శేషాచలంలో హతులయ్యారు. 2015 ఏప్రిల్ 7న అదే అడవిలో పోలీసు కాల్పుల్లో తమిళనాడుకు చెందిన 20 మంది మరణించారు. ఆత్మరక్షణకే కాల్చామన్నారు పోలీసులు. కాదన్నాయి బాధిత కుటుంబాలు. ఎటు చూసినా నేలకొరిగింది చిన్నవాళ్లే.

మరి పాపం ఎవరిది? ఆకలి చేయించిందని కొందరంటారు. ఆకలి నిజమే. కాని షరీఅత్ ఇచ్చిన సడలింపు ప్రాణం నిలుపుకునేంత వరకే, దొంగతనాన్ని వృత్తిగా చేసుకోవడానికి కాదు. అయితే ఆ ఆకలినే పెట్టుబడిగా మలచుకున్నవాడి నేరం అంతకంటే ఘోరమని మేము భావిస్తున్నాము.

ఖైబర్ నుంచి తిరిగి వస్తూ ఒక సేవకుడు బాణం తగిలి మరణిస్తే, అతడు అమరుడని సహచరులు సంతోషించారు. పంపకానికి ముందే ఉమ్మడి సొత్తు నుంచి అతడు తీసుకున్న దుప్పటి అతనిపై అగ్నిగా మండుతోందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఒక్క దుప్పటికే ఇంత లెక్క! అడవి కోట్లాది మంది ఉమ్మడి సొత్తు, ఇంకా పుట్టని తరాల అమానతు.

కాపలా తప్పనిసరి. కాని కూలీని మాత్రమే పట్టుకుంటే రేపు మరో కూలీ వస్తాడు. డబ్బు వెళ్లిన దారి పట్టుకొని అసలు వ్యాపారిని చేరాలి. కొండవాసులకు సొంత ఊళ్లోనే పని దొరకాలి. ఇక మన సంగతి: ఇంటి తలుపుకో మంచానికో బిల్లు లేని చౌక కలప దొరికినప్పుడు, ‘ఇది ఎక్కడిది?’ అని మనలో ఎందరం అడుగుతున్నాం? అడగకుండా కొన్నవాడి చేతిలో గొడ్డలి లేకపోవచ్చు, లెక్క మాత్రం తప్పదు.

అల్లాహ్ మనకు హలాల్‌తోనే తృప్తిని ప్రసాదించుగాక! ఆమీన్.