నెత్తురు అమానత్

వైద్య పరిశోధన కోసం మీ నెత్తురు ఇస్తారా? మూత్రం ఇస్తారా? దాన్ని ఏళ్లతరబడి దాచుకోనిస్తారా? ఇలాంటి ప్రశ్నలతో జనం మనసును కొలిచే సర్వేలు దేశదేశాల్లో జరుగుతున్నాయి. రేపు రాచర్లకూ రావచ్చు. పక్కింటి రైతు 'ఇవ్వను' అంటే పాపం భయపడ్డాడనుకుంటారు. అదే మాట మేం అంటే మాత్రం కారణం అడిగే పనుండదు. మతం అడ్డొచ్చిందని రాసుకుంటారు. మా పేచీ ఇక్కడే.

పరిశోధన వద్దనగలిగే స్థితిలో మేం లేం. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట నమోదు చేసింది 1937లో, ఆనాటి నెల్లూరు జిల్లాలో. ఆ జిల్లాలోని కనిగిరి, పొదిలి, దర్శి 1970లో కొత్తగా ఏర్పడ్డ ప్రకాశంలోకి వచ్చాయి. నీళ్లలో ఫ్లోరైడ్ మితిమీరితే పళ్లు గారపడతాయి, నడుము బిగుసుకుపోతుంది. ఒంట్లోకి ఎంత చేరుతోందో తెలియాలంటే మూత్రం పరీక్షించాలి. ఆ నీళ్లకు మసీదు వీధి, గుడి వీధి అనే తేడా లేదు. మేం నమూనా ఇవ్వకపోతే మా జబ్బు లెక్కకు రాదు. లెక్కకు రాని జబ్బును పట్టించుకునేదెవరు? అందుకే ఇవ్వొద్దని మేం అనం.

ఇచ్చాక ఏమవుతుందన్నదే మా ప్రశ్న. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార కేన్సర్ టీకా వేసి అధ్యయనం చేశారు. అది నమూనాల సేకరణ కాదు, నిజమే. కానీ అంగీకారం సంగతి రెంటికీ ఒకటే. 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవని 2013లో పార్లమెంటరీ సంఘం తేల్చింది. అంకెలు కొలిచేవాడికి అవన్నీ 'సరే' అన్నవే. కానీ ఆ 'సరే' ఎవరిది?

మా భయానికి ఇంకో మూలం కూడా ఉంది. 2011లో పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో బిన్ లాడెన్ కుటుంబం డీఎన్‌ఏ కోసం అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ హెపటైటిస్ టీకా కార్యక్రమాన్ని ముసుగుగా వాడుకుంది. ఆ తర్వాత పోలియో చుక్కలన్నా అక్కడ అనుమానమే. నష్టపోయింది పసిపిల్లలు. ఇక్కడ 2022లో వచ్చిన నేర గుర్తింపు చట్టం 'కొలతలు' అనే మాటలోనే శరీర నమూనాలనూ చేర్చింది. ఆ వివరాలను 75 ఏళ్లు దాచవచ్చంది. 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత ఠాణాల పాలై, చివరికి నిర్దోషులుగా బయటపడ్డ కుర్రాళ్లను చూసిన సమాజం మాది. సూది పట్టుకొచ్చినవాడు డాక్టరో పోలీసో అని మేం తేరిపార చూస్తే అది మౌఢ్యమా?

తెలుగులో దీన్ని దానం అంటారు. దానం ఇచ్చాక లెక్క అడగకూడదంటారు. ఉర్దూలో మాకు అమానత్ అనే మాట ఉంది. నమ్మి అప్పగించిన సొత్తు అని అర్థం. దాచినవాడు అడిగినప్పుడు లెక్క చెప్పాలి, వేరే పనికి వాడకూడదు. వాడితే అది ఖియానత్, నమ్మకద్రోహం. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు కూడా దాదాపు ఇదే చెప్పాయి: నమూనా ఇచ్చినవారిది, సంస్థ ధర్మకర్త మాత్రమే.

అలాగైతే సర్వే రెండు వైపులా జరగాలి. ఇస్తారా అని మమ్మల్ని అడిగే కాగితంలోనే మీ జవాబులకూ చోటుండాలి. మా భాషలో చెప్పారా? పోలీసులకు ఇవ్వమని రాసిచ్చారా? వద్దంటే పారేస్తారా? తేలిందేమిటో మళ్లీ మా వీధికొచ్చి చెబుతారా? వీటికి అవునంటే, మా చేతులు చాచే ఉన్నాయి.