ఋణమును నిరూపించవలసినవా డెవడు?

పరద్రవ్యమును తెలియక పుచ్చుకొన్నను తిరిగి ఇచ్చివేయుట ధర్మము. నిరుద్యోగభృతి ప్రజాధనము, అది ఒకరికి అర్హతకు మించి ముట్టినచో, ఆ మేరకు ఇతర దీనుల భాగము తరిగినట్లే. కావున అధికముగా ఇచ్చిన దానిని ప్రభుత్వము తిరిగి కోరుట అన్యాయము కాదు. అయితే అధికముగా ముట్టినదని తేల్చవలసినవా డెవడు? ధర్మసూక్ష్మ మిచ్చటనే యున్నది.

ఆస్ట్రేలియా దేశమున 2015లో ఆరంభమై 2019 వరకు సాగిన ‘రోబోడెట్’ అను వసూలు పద్ధతిని చూడుడు. అచ్చట భృతిని రెండు వారముల కొకసారి, ఆ రెండు వారముల సంపాదనను బట్టి నిర్ణయింతురు. వసూలు చేయు యంత్రమో, పన్నుల శాఖ యొద్దనున్న వార్షికాదాయమును 26 సమభాగములు చేసి, ఒక్కొక్క భాగమును రెండేసి వారముల సంపాదనగా ఎంచినది. ఒకడు ఆరు నెలలు పనిచేసి 13,000 డాలర్లు ఆర్జించి, తక్కిన ఆరు నెలలు పని దొరకక భృతి పొందె ననుకొందము. ఈ లెక్కలో అతడు ఏడాది పొడవునను రెండు వారములకు 500 డాలర్ల చొప్పున గడించినవాడే! చేతిలో చిల్లిగవ్వ లేని దినములకు సైతము ఆదాయమును అంటగట్టి అతనిని ఋణగ్రస్తుని చేయుటయే గదా ఇది.

కాదందువా, నీవే నిరూపించు మనునట్లు లేఖలు పోయెను. ఏండ్ల క్రిందటి జీతపు చీటీలను ఎందరు దాచుకొందురు? లేని అప్పును భయముచే తీర్చినవారు పెక్కురు. తుదకు 2019 నవంబరులో, ఒక మహిళ వేసిన దావాలో, సగటు లెక్కపై నిలిచిన ఆ వసూలు చెల్లదని ప్రభుత్వమే ఫెడరల్ న్యాయస్థానము నెదుట ఒప్పుకొనవలసి వచ్చినది. పిదప కాథరిన్ హోమ్స్ విచారించి 2023 జూలైలో నివేదిక సమర్పించిన రాయల్ కమిషన్ ఎదుట, ఇట్టి ఋణముల బారినపడి ప్రాణములు తీసికొనిన కుమారుల తల్లులు సాక్ష్యమిచ్చిరి.

ఇంతకంటె చిక్కైన ప్రశ్న వేరొకటి కలదు. అధికముగా ముట్టుట నిజమే; కాని పొందినవాడు మోసగింపలేదు, ఆ ధనము కుటుంబ పోషణకు వ్యయమైపోయినది. అప్పు డేమి చేయవలెను? భృతిని గూర్చి కాకపోయినను, జీతముల విషయమున మన సర్వోన్నత న్యాయస్థానము 2014 డిసెంబరులో, పంజాబు రాష్ట్రమునకు సంబంధించిన వ్యాజ్యమున దీనిని విచారించినది. పొరపాటున అధికముగా చెల్లించిన జీతమును మూడవ, నాల్గవ తరగతుల ఉద్యోగుల నుండియు, పదవీ విరమణ చేసినవారి నుండియు రాబట్టరాదని నిర్ణయించినది. దయకు లోనై న్యాయమును విడిచినారని కొందరనవచ్చును. అది సరికాదు. స్తేయమునకు మూలము మనస్సులోని అపహరణబుద్ధి. నమ్మి పుచ్చుకొని, నమ్మి ఖర్చు చేసినవానియందు అది లేదు. అజాగ్రత్త ఇచ్చినవానిది.

ఆదాయమును దాచి భృతి పొందినవానికి ఈ రక్షణ చెల్లదు. అతడు దాచెనని చూపవలసిన భారము మాత్రము అచ్చటను కోరువానిదే.