వక్తకు ఒరగల్లు



కార్యాలయమున సభ ముగియగానే "నేటి ఉపన్యాసము ఎట్లున్నది?" అను మాట పుట్టును. కంఠము గంభీరమనియు, కాగితము చూడక మాటలాడెననియు తలకొక తీరున మెచ్చుకొందురు. కొన్నిచోట్ల వీనికి మార్కులు వేయుటయు కలదు. ఈ గుణములు వ్యర్థములనరాదు. వెనుక వరుసకు వినబడని మాట వారిపాలిటికి లేనట్లే గదా! కాని పరిశీలన అంతటితో ఆగినచో, గీటు పెట్టక మెరుపు చూచి బంగారము కొనినట్లగును.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణమందలి అనుభవ మంటపమును స్మరింపుడు. అది తీరికగలవారి గోష్ఠి కాదు. బట్టలుతికిన మడివాళ మాచయ్య, పడవ నడిపిన అంబిగర చౌడయ్య వంటి కాయకజీవులు కూర్చుండిన సభ. అధ్యక్షుడు అల్లమప్రభువు. అక్కమహాదేవి అచ్చటికి వచ్చినపుడు ఆయన ఆమె వాక్చాతుర్యమును మెచ్చి ఊరకుండలేదు. సమస్తమును విడిచిన నీవు కురులతో మేను కప్పుకొనుట ఏల యని నిలదీసెను. చూచువారి మనస్సు నొవ్వకుండుటకే యని ఆమె భావము. ప్రశ్న కఠినమే. అయినను అడిగినవాడు జవాబు వినుటకే అడిగెను, విని తల వంచెను. పదునైదవ శతాబ్దమున కూర్చబడిన శూన్యసంపాదనయందు ఈ సంవాదము నేటికిని చదువనగును.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ ఇంతకంటెను మనకు దగ్గర. రాలిన బియ్యపుగింజలు ఏరుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు ప్రభువుతో తత్త్వచర్చలో మునిగి పనిని మరచెను. కాయకము నిలిచిపోయినదని భార్య వచ్చి హెచ్చరించెను. మాటలాడుచున్నవాడు సాక్షాత్తు అల్లమప్రభువే యైనను ఆమె సంకోచింపలేదు!

నేటి కార్యాలయమున అరగంట ప్రసంగము గంటన్నర సాగును. వెలుపల వరండాలో పింఛను కాగితములతో ముసలివారు నిలిచియుందురు. సమయపాలనపై ప్రసంగించు అధికారియే ఆలస్యముగా వచ్చియుండవచ్చును. నుడి, నడత ఒకటి కావలెనను బసవేశ్వరుని బోధ అట్టి వేళ ఎవరికి జ్ఞప్తికి వచ్చును? వచ్చినను ఎవరు చెప్పుదురు? క్రిందివారు చప్పట్లు కొట్టుదురు. పాపము, వారికిని పిల్లలున్నారు, బదిలీల భయమున్నది. లక్కమ్మ ధైర్యము అందరికిని సులభము కాదు. కనుక ఈ లోపమునకు గుమాస్తాకంటె అధ్యక్షపీఠముననున్నవారే ఎక్కువ బాధ్యులు.

అదే సభలో ఒక చిన్న ఉద్యోగి లేచెననుకొందము. చేతిలో కాగితము వణకును, మాట తడబడును. పరిష్కారము కాని పింఛను దరఖాస్తుల లెక్క చదివి, రెండు నిమిషములలో కూర్చుండును. కంఠమునకు మార్కులు వేయువాడు అతనికి సున్న వేయును. చప్పట్లు వినబడవు. ఆ క్షణమున అధ్యక్షుడు "నాయనా, ఆ కాగితమిటు తెమ్ము. ఇవి ఎవరి బల్లపై ఆగినవి?" అని అడుగవలెను. అడిగి, వరండాలోనివారిని లోనికి పిలిపింపవలెను.